జబ్బు ఉంది, కాగితం లేదు: బూస్టర్ అర్హతలో ఊపిరితిత్తుల రోగి ఎక్కడ?

రాయ్‌పూర్: దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్న వృద్ధుడికి కొవిడ్ బూస్టర్ టీకా ఇవ్వాలా, అక్కర్లేదా? 2025లో ఈ ప్రశ్నకు రెండు సంపన్న దేశాలు రెండు రకాల జవాబులు చెప్పాయి. బ్రిటన్ తన శరత్కాల టీకా కార్యక్రమాన్ని 75 ఏళ్లు నిండినవారికి, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో నివసించేవారికి, రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారికి పరిమితం చేసింది. అంతకుముందు ఏడాది శరత్కాలంలో జాబితాలో ఉన్న దీర్ఘకాలిక శ్వాసకోశ రోగులకు, 65 నుంచి 74 ఏళ్ల మధ్య వయసువారికి ఆ అర్హత పోయింది. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ ఆగస్టు 27న కొత్త టీకాలను 65 ఏళ్లు నిండినవారికి, అంతకంటే తక్కువ వయసులో ముప్పు పెంచే జబ్బు కనీసం ఒకటి ఉన్నవారికి ఆమోదించింది. అలాంటి జబ్బుల జాబితాలో ఊపిరితిత్తుల వ్యాధులకు చోటుంది.

ఒక దేశం వయసును నమ్ముకుంది. మరో దేశం వయసుతో పాటు జబ్బునూ లెక్కలోకి తీసుకుంది. భారత్ 2021, 2022 సంవత్సరాల్లో ఈ రెండు దారుల్లోనూ నడిచింది. మొదట జబ్బుకు ధ్రువపత్రం అడిగింది, తర్వాత ధ్రువపత్రం వద్దంది, చివరకు జబ్బు ప్రస్తావననే తీసేసి వయసు ఒక్కటే చాలంది. ఈ మూడు మలుపుల అనుభవం దేశంలో ఎక్కడైనా ఒకటే అనుకుంటే పొరపాటు. స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, బొగ్గు కుంపట్లు, కట్టెల పొయ్యిలు కలిసి గాలిని నింపే ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోనూ, దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆ నిబంధనల అర్థమే వేరుగా ఉంటుంది. ఇక్కడ ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఎందరో. తమకు ఆ జబ్బు ఉందని కాగితం చూపించగలిగేవారు మాత్రం కొందరే.

సగానికి తగ్గితేనే రోగి

2021 మార్చి 1న 60 ఏళ్లు దాటినవారందరికీ, 45-59 ఏళ్ల మధ్య ఉండి నిర్దిష్ట వ్యాధులతో బాధపడుతున్నవారికీ టీకాలు మొదలయ్యాయి. రెండో వర్గం కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 20 జబ్బుల జాబితా ప్రకటించింది. అందులో శ్వాసకోశ వ్యాధికి పెట్టిన షరతు ఇది: జబ్బు తీవ్రమైనదై ఉండాలి, గత రెండేళ్లలో దాని కారణంగా ఆసుపత్రిలో చేరి ఉండాలి, లేదా ఎఫ్‌ఈవీ-1 విలువ 50 శాతం కంటే తక్కువ ఉండాలి. రిజిస్టర్డ్ వైద్యుడు సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి.

ఎఫ్‌ఈవీ-1 అంటే, గుండెల నిండా గాలి పీల్చి బలంగా వదిలినప్పుడు మొదటి సెకనులో బయటకు వచ్చే గాలి పరిమాణం. అదే వయసు, ఎత్తు ఉన్న ఆరోగ్యవంతుడితో పోల్చి దానిని శాతంలో చెబుతారు. స్పైరోమీటర్ అనే యంత్రంలోకి ఊదితే గానీ అది తెలియదు. సీఓపీడీగా వ్యవహరించే దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధిలో 50 నుంచి 79 శాతం మధ్య ఉంటే మధ్యస్థ దశ, 50కి దిగువన తీవ్ర దశ. అంటే మెట్లెక్కలేక, నాలుగడుగులు వేసి ఆగిపోయే మధ్యస్థ దశ రోగిని కూడా ఆ జాబితా రోగిగా లెక్కించలేదు.

షరతులోని రెండు భాగాలూ అప్పటి పరిస్థితికి పొసగనివే. స్పైరోమెట్రీలో రోగి బలంగా ఊదుతాడు, దగ్గుతాడు. తుంపరల ద్వారా వైరస్ సోకే ప్రమాదం ఉందని 2020 నుంచే ప్రపంచవ్యాప్తంగా ఆ పరీక్షలను బాగా తగ్గించారు. ఇక ఆసుపత్రిలో చేరిక సంగతి. కొవిడ్ భయంతో, లాక్‌డౌన్ వల్ల, వార్డులన్నీ కొవిడ్‌కే కేటాయించడం వల్ల సీఓపీడీ రోగులు ఆసుపత్రుల్లో చేరడం ఆ ఏడాది అనేక దేశాల్లో భారీగా పడిపోయింది. ఏ రెండేళ్లలో ఆసుపత్రికి వెళ్లడం కష్టమైందో, ఆ రెండేళ్లలోనే వెళ్లినట్టు రుజువు చూపమని నిబంధన అడిగింది. ఇది ఎవరో దురుద్దేశంతో రాసిన షరతు కాదు. టీకాల కొరత ఉన్నప్పుడు అత్యంత ముప్పు ఉన్నవారిని ముందు వరుసలో నిలపడానికి నిపుణులు గీసిన గీత అది. అయితే ఆ గీతను గీసినవారి మనసులో ఉన్నది పెద్ద నగరపు ఛాతీ వైద్య విభాగం. రాయ్‌పూర్‌లో ఎయిమ్స్ ఉంది, వైద్య కళాశాలకు అనుబంధంగా ‘మేకాహారా’ అని నగరవాసులు పిలుచుకునే అంబేడ్కర్ ఆసుపత్రి ఉంది. ఆ ఆవరణలు దాటి పల్లెల వైపు సాగితే స్పైరోమీటర్ అరుదైన వస్తువు.

ఈ షరతు నెల రోజులే అమల్లో ఉంది. ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవారందరికీ టీకాలు తెరవడంతో జబ్బుల జాబితా పక్కకు వెళ్లిపోయింది. కానీ ఆలోచన పోలేదు. తొమ్మిది నెలల తర్వాత బూస్టర్ వంతు వచ్చినప్పుడు అదే మళ్లీ తలెత్తింది.

పేరు లేని జబ్బు

2021 డిసెంబరు 25 రాత్రి ప్రధాని ప్రసంగంలో ‘బూస్టర్’ అన్న మాట లేదు. ‘ప్రికాషన్ డోసు’ అన్నారు. తెలుగు పత్రికలు దానిని ముందుజాగ్రత్త డోసుగా మార్చుకున్నాయి. ఆరోగ్య సిబ్బంది, ముందువరుస కార్మికులతో పాటు 60 దాటి దీర్ఘకాలిక వ్యాధులు ఉన్నవారు, వైద్యుడి సలహాపై, 2022 జనవరి 10 నుంచి ఆ డోసు తీసుకోవచ్చన్నది ప్రకటన. కొన్ని రోజులకే ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు లేఖ రాస్తూ, టీకా కేంద్రం వద్ద వైద్యుడి ధ్రువపత్రం చూపాల్సిన పని లేదని స్పష్టం చేసింది. మార్చి నాటి పొరపాటు నుంచి నేర్చుకున్న పాఠంగా దీనిని చూడవచ్చు. కాగితం అడగలేదు కాబట్టి అడ్డంకి తొలగినట్టేనని అప్పట్లో చాలామంది భావించారు.

అడ్డంకి పూర్తిగా తొలగలేదు. ధ్రువపత్రం వద్దన్నా, ‘వ్యాధులు ఉన్నవారు’ అన్న మాట మిగిలింది. ఆ మాట తనకు వర్తిస్తుందని వృద్ధుడికి ముందు తెలియాలి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఆ ఇబ్బంది తక్కువ. షుగర్, బీపీ అన్న పేర్లు ఇంటింటికీ తెలుసు, మాత్రల చీటీ ఉంటుంది. ఊపిరితిత్తుల జబ్బుకు ఆ సౌకర్యం లేదు. ఛత్తీస్‌గఢీ, హిందీ మాట్లాడే పల్లెల్లో ఆయాసంతో వచ్చే ఏ బాధకైనా ‘దమా’ అన్నదే మాట. తెలుగులోనూ ఉబ్బసం అంటారు, ఆయాసం అంటారు, పిల్లికూతలు అంటారు. ఇవన్నీ లక్షణాల పేర్లు. సీఓపీడీకి జనం నోట నలిగిన తెలుగు పేరు ఇంతవరకు లేదు, హిందీలోనూ లేదు. పొయ్యి ముందు నలభై ఏళ్లు కూర్చున్న అమ్మమ్మ రొప్పును ముసలితనం అంటారు గానీ జబ్బు అనరు. బీడీ తాగిన తాతయ్య దగ్గును బీడీ దగ్గు అంటారు. పేరు లేని జబ్బుతో ఎవరూ వరుసలో నిలబడరు.

‘అర్హత’ అన్న తెలుగు మాటలోనే ఒక చిక్కు ఉంది. అది సాధించుకునేదన్న భావాన్ని మోస్తుంది: పరీక్ష రాయడానికి అర్హత, పదవికి అర్హత. జబ్బును అర్హతగా చూపించమంటే రుజువు బాధ్యత రోగి మీద పడుతుంది. ఆంగ్లంలోని మాటకు ‘వర్తింపు’ అన్న అర్థం కూడా ఉంది. ప్రభుత్వ పత్రాల అనువాదాల్లో ఆ అర్థం జారిపోతుంటుంది.

ఈ అజ్ఞాత రోగులు ఎందరన్నది చిన్న ప్రశ్న కాదు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన జాతీయ అంచనా ప్రకారం 2016లో దేశంలో సుమారు 5.5 కోట్ల మందికి సీఓపీడీ ఉంది. ప్రపంచ జనాభాలో 18 శాతం ఉన్న దేశం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల భారంలో 32 శాతం మోస్తోంది. సీఓపీడీ భారంలో సగానికి పైగా, అంటే 53.7 శాతం, గాలి కాలుష్యానికే ఆపాదించారు. పొగాకు వాటా 25.4 శాతం. పొగతాగేవారి జబ్బు అన్న పాఠ్యపుస్తకపు ముద్ర ఇక్కడ పనికిరాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఛత్తీస్‌గఢ్‌లో వంటకు శుభ్రమైన ఇంధనం వాడే ఇళ్లు మూడింట ఒక వంతే. జాతీయ సగటు 58 శాతానికి పైన. రాయ్‌పూర్, భిలాయ్, కోర్బా మూడూ జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కిందికి వచ్చిన నగరాలే. వీటికి క్షయ మిగిల్చిన మచ్చలు తోడవుతాయి. క్షయ తగ్గినా దెబ్బతిన్న ఊపిరితిత్తులతో బతికేవారు ఈ రాష్ట్రంలో తక్కువేమీ కాదు. వారిని 20 జబ్బుల జాబితా పేరు పెట్టి ప్రస్తావించలేదు.

తొమ్మిది నెలల లెక్క

జబ్బు ప్రస్తావనకు మించి, అప్పట్లో అంతగా చర్చకు రాని మరో షరతు ఊపిరితిత్తుల రోగులను ఎక్కువగా దెబ్బతీసింది. రెండో డోసు తర్వాత తొమ్మిది నెలలు, కచ్చితంగా చెప్పాలంటే 39 వారాలు, పూర్తి కావాలన్నది ఆ నియమం. దాని ఫలితం అర్థం కావాలంటే ఒక మనిషి తేదీలు చూడాలి.

కేవలం లెక్క కోసం ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగిని ఊహించుకుందాం. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ వరకు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ మార్గం వెంట, తర్వాత 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. మన ఊహలోని మనిషి అలాంటి ఇంటివాడే. వయసు 66. ఆయాసం ఉంది. 2021 ఏప్రిల్ 2న కొవిషీల్డ్ మొదటి డోసు తీసుకున్నాడు. అప్పటి నియమం ప్రకారం రెండో డోసు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, అంటే మే 14 నుంచి. ఈలోగా ఏప్రిల్ 9న రాయ్‌పూర్ జిల్లాలో లాక్‌డౌన్ వచ్చింది. రెండో ఉధృతి నగరాన్ని కుదిపేసింది. మే 13న, ఆయన గడువు మొదలవడానికి సరిగ్గా ఒక రోజు ముందు, కేంద్రం ఆ వ్యవధిని 12-16 వారాలకు పెంచింది. ముందుగా అపాయింట్‌మెంట్ ఖరారు చేసుకోనివారికి కొత్త నియమమే వర్తించింది. 12 వారాలు ముగిసిన తొలి రోజునే, జూన్ 25న, ఆయన రెండో డోసు తీసుకున్నాడనుకుందాం.

అక్కడి నుంచి 39 వారాలు లెక్కిస్తే 2022 మార్చి 25.

ఒమిక్రాన్ ఉధృతి దేశంలో పతాక స్థాయికి చేరింది జనవరి మూడో వారంలో. మార్చి 25 నాటికి ఆ అల వచ్చి, వెళ్లిపోయి రెండు నెలలు. జనవరి 10న ప్రారంభమైన ముందుజాగ్రత్త డోసుకు ఆ రోజున నిజంగా అర్హులైన వృద్ధులు ఎవరంటే, 2021 మార్చి మొదటి రోజుల్లోనే మొదటి డోసు, ఏప్రిల్ రెండో వారంలోపే రెండో డోసు పూర్తి చేసుకున్నవారు. టీకా కోసం ముందుగా పరుగెత్తగలిగిన, స్మార్ట్‌ఫోన్ వాడగలిగిన, వాహనం ఉన్న పట్టణ వృద్ధులే వారిలో అధికులు. ఆయాసంతో ఇల్లు కదలలేనివారు వారిలో ఎందరుంటారో ఊహించడం కష్టం కాదు.

2022 జులై 6న కేంద్రం ఆ వ్యవధిని ఆరు నెలలకు, అంటే 26 వారాలకు, తగ్గించింది. అదే నియమం ఆరు నెలల ముందే ఉండి ఉంటే? జూన్ 25 నుంచి 26 వారాలు లెక్కిస్తే 2021 డిసెంబరు 24. ప్రధాని ప్రకటన చేసిన రోజుకు ఒక రోజు ముందే ఆ రైల్వే ఉద్యోగి అర్హుడయ్యేవాడు. జనవరి 10న వరుసలో నిలబడి ఉండేవాడు.

వ్యవధిని సమర్థించేవారి వాదనలో బలం లేదనలేం. సోకిన తర్వాతి రోగనిరోధక శక్తి తొమ్మిది నెలల పాటు నిలుస్తుందని 2021 డిసెంబరు చివర్లో భారత వైద్య పరిశోధన మండలి పేర్కొంది. ఆ ఏడాది జూన్-జులైలో జరిగిన నాలుగో జాతీయ సీరో సర్వేలో ఛత్తీస్‌గఢ్‌లో 74.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. నలుగురిలో ముగ్గురికి అప్పటికే వైరస్ సోకడమో, టీకా అందడమో జరిగిందన్నమాట. సోకిన తర్వాత వేసుకున్న టీకా ఇచ్చే రక్షణ గట్టిదని అధ్యయనాలూ చెప్పాయి. పైగా 15-18 ఏళ్లవారికి జనవరి 3న టీకాలు మొదలుపెట్టాల్సి ఉంది. అయినా ఒక తేడా గమనించాలి. జనాభా సగటుకు వర్తించే వాదన అది. ఒమిక్రాన్ ముప్పు తలెత్తడంతో బ్రిటన్ 2021 నవంబరు చివర్లో వ్యవధిని ఆరు నుంచి మూడు నెలలకు కుదించింది. అందరికీ ఒకే గడువు పెట్టే బదులు ముప్పు ఉన్నవారికి తక్కువ గడువు పెట్టే వెసులుబాటు భారత్‌కు ఉండేది. దానిని వాడుకోలేదు.

వయసు నమ్మదగిందే, కానీ

2022 మార్చి 16న, 12-14 ఏళ్లవారికి హైదరాబాద్‌కు చెందిన బయోలాజికల్-ఇ సంస్థ కొర్బెవ్యాక్స్ టీకా మొదలైన రోజునే, 60 దాటినవారి విషయంలో వ్యాధుల షరతును కేంద్రం పూర్తిగా ఎత్తివేసింది. ఆధార్ కార్డుపై పుట్టిన సంవత్సరం చాలు. యంత్రం అక్కర్లేదు, ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు, జబ్బు పేరు తెలియాల్సిన అవసరం లేదు. గుర్తింపునకు నోచుకోని ఊపిరితిత్తుల రోగికి ఈ మొత్తం కథలో అందిన అత్యంత మేలైన నిర్ణయం ఇదే. అందులో రోగి అన్న మాట లేకపోవడమే దాని గుణం.

శాస్త్రీయంగానూ వయసుకు గట్టి ఆధారం ఉంది. ఇంగ్లండ్‌లో 1.7 కోట్ల మంది ఆరోగ్య రికార్డులను పరిశీలించి 2020లో నేచర్ పత్రికలో వెలువడిన అధ్యయనం, 50-59 ఏళ్లవారితో పోలిస్తే 80 దాటినవారికి కొవిడ్ మరణ ముప్పు 20 రెట్లకు పైగా ఉందని తేల్చింది. ఆస్తమా మినహా ఇతర దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు పెంచిన ముప్పు సుమారు 1.6 రెట్లు. జబ్బు ముప్పు నిజమే గానీ వయసు ముప్పు ముందు అది చిన్నది. శ్వాసకోశ రోగులను బ్రిటన్ 2025లో జాబితా నుంచి తప్పించిన తర్కానికి మూలం ఇలాంటి లెక్కల్లోనే ఉంది.

ఆ తర్కాన్ని యథాతథంగా దిగుమతి చేసుకుంటే మాత్రం రాయ్‌పూర్‌లో పొసగదు. బ్రిటన్‌లో ప్రతి రోగికీ ఒక కుటుంబ వైద్యుడు, ఒక కంప్యూటర్ రికార్డు ఉంటాయి. కొవిడ్ జాబితా నుంచి తప్పించినా, దీర్ఘకాలిక శ్వాసకోశ రోగికి అక్కడ ఏటా ఫ్లూ టీకా ఉచితం, న్యుమోకోకల్ టీకా ఉచితం. ఒక తలుపు మూసుకున్నా పక్క తలుపులు తెరిచే ఉన్నాయి. ఇక్కడ ఉన్నది ఒక్కటే తలుపు. రెండో తేడా మరింత మౌలికమైనది. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్ కొలిమి దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి ఊపిరితిత్తుల వయసు, అతని ఆధార్ కార్డులోని వయసు ఒకటి కావు. 52 ఏళ్లకే 70 ఏళ్ల ఊపిరితిత్తులున్న కార్మికుడికి 60 అన్న గీత దూరంగా కనిపిస్తుంది.

అలాంటి మనిషికి 2022 ఏప్రిల్ 10 నుంచి దారి దొరికింది, డబ్బు కడితే. 18 దాటినవారందరికీ ప్రైవేటు కేంద్రాల్లో ముందుజాగ్రత్త డోసు అనుమతించారు. కొవిషీల్డ్, కొవాగ్జిన్ ధరలను డోసుకు 225 రూపాయలకు తగ్గించారు, సేవా రుసుము మరో 150 రూపాయల వరకు. దినకూలీకి అది ఒక రోజు సంపాదన. ఫలితం మూడు నెలల్లో తేలిపోయింది. జులై మధ్యకు 18-59 ఏళ్ల మధ్య ఉన్న 77 కోట్ల మందిలో ముందుజాగ్రత్త డోసు తీసుకున్నవారు ఒక శాతం కూడా లేరు. ఉచితంగా అందుబాటులో ఉన్న వృద్ధులు, ఆరోగ్య, ముందువరుస సిబ్బంది సుమారు 16 కోట్ల మందిలో 26 శాతం తీసుకున్నారు. జులై 15 నుంచి 75 రోజుల పాటు పెద్దలందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చారు. ఆ గడువు సెప్టెంబరు 30తో ముగిసింది. ఈ మార్పులన్నింటిలో ‘60కి లోపు వయసు, ఊపిరితిత్తుల జబ్బు’ అన్న కలయికకు ప్రత్యేక చోటు ఎక్కడా లేదు. 2021 మార్చిలో షరతులతోనైనా 45-59 వర్గానికి ఇచ్చిన గుర్తింపు బూస్టర్ దశలో మాయమైంది.

పేదరికాన్ని అర్హతగా పెట్టే ప్రయత్నం ఛత్తీస్‌గఢ్ ఒకసారి చేసింది. 2021 మేలో 18-44 వయసువారికి టీకాలు మొదలైనప్పుడు, నిల్వలు తక్కువగా ఉన్నాయి కాబట్టి ముందు అంత్యోదయ రేషన్ కార్డుదారులకే ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించింది. పేదలు సమాచారం అందక, పోర్టల్‌లో నమోదు చేసుకోలేక వెనుకబడతారన్నది దాని వాదన. బిలాస్‌పూర్‌లోని హైకోర్టు మే 4న దానిని తప్పుబట్టింది. ప్రభుత్వం ఆ వయసువారికి టీకాలనే నిలిపివేస్తే, అదీ తగదని హైకోర్టు పునఃప్రారంభించమంది. చివరకు వర్గాలవారీగా వాటాలు వేసి కొనసాగించారు. ఆ వివాదంలో గెలుపోటములు అటుంచితే, ఒక విషయం బయటపడింది: రేషన్ కార్డు లాంటి చేతిలో ఉన్న పత్రంతో పేదవాడిని గుర్తించడం సాధ్యమే. ఊపిరితిత్తుల రోగిని గుర్తించే అలాంటి పత్రమే ఇంకా రాలేదు.

చేరితే ఖర్చు సర్కారుది, ఆపడానికి మాత్రం

కొవిడ్ అత్యవసర స్థితి ముగిసినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అంతకు ముందే, మార్చిలో, దాని నిపుణుల బృందం వృద్ధులకు, తీవ్రమైన ఇతర జబ్బులున్నవారికి చివరి డోసు తర్వాత 6 లేదా 12 నెలలకు మరో బూస్టర్ సిఫారసు చేసింది. భారత్ నాలుగో డోసు జోలికి పోలేదు. కొవిషీల్డ్ ఉత్పత్తిని 2021 డిసెంబరులోనే ఆపేసినట్టు సీరం సంస్థ తర్వాత వెల్లడించింది. ఇప్పుడు ఒక వృద్ధ రోగి కొవిడ్ బూస్టర్ కావాలని అడిగితే చూపించడానికి ప్రభుత్వ కార్యక్రమం ఏదీ నడవడం లేదు. ప్రస్తుత ముప్పు స్థాయిని బట్టి అది పెద్ద నేరమేమీ కాకపోవచ్చు. అసలు సమస్య కొవిడ్ టీకాకే పరిమితం కాదు.

సీఓపీడీ రోగిని ఆసుపత్రి పాలు చేసేవి ఎక్కువగా మామూలు ఇన్‌ఫెక్షన్లే. ఫ్లూ, న్యుమోకోకల్ టీకాలు వాటిని, ఆయాసం ఉన్నట్టుండి ముదరడాన్ని తగ్గిస్తాయని క్రమబద్ధ సమీక్షలు చెబుతున్నాయి. సీఓపీడీపై అంతర్జాతీయ మార్గదర్శకాలు రెండింటినీ సిఫారసు చేస్తాయి. భారత సార్వత్రిక టీకా కార్యక్రమంలో న్యుమోకోకల్ టీకా 2017 నుంచి దశలవారీగా చేరింది, అదీ శిశువులకు. పెద్దలకు రెండూ లేవు. ప్రైవేటులో ఫ్లూ టీకాకు వెయ్యి రూపాయలకు పైమాటే. న్యుమోనియా టీకాకు అంతకంటే చాలా ఎక్కువ.

మరోపక్క, 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం భరిస్తోంది. ఇక్కడ కూడా అర్హత వయసే, పత్రం ఆధారే. మంచి నిర్ణయం. కానీ ఆ పథకం వర్తించేది ఆసుపత్రిలో చేరినప్పుడు. న్యుమోనియాతో వెంటిలేటర్ మీదకు వెళ్లిన సీఓపీడీ రోగికి అది లక్షలు ఇస్తుంది. ఆ పరిస్థితి రాకుండా అడ్డుకోగల టీకాకు బయటి రోగిగా వెళ్లిన అదే మనిషి తన జేబులోంచి తీసి ఇవ్వాలి. ఖజానా కోణంలో చూసినా ఇది తలకిందుల లెక్క.

మితానిన్ చేతిలోని ఫారం

స్పైరోమీటర్ లేనిచోట రోగిని గుర్తించలేమన్న మాటకు ఛత్తీస్‌గఢ్‌లోనే ఒక సమాధానం ఉంది. దేశంలో ఆశా కార్యకర్తల వ్యవస్థ 2005లో రాకముందే, 2002లో ఈ రాష్ట్రం ‘మితానిన్’ కార్యక్రమం మొదలుపెట్టింది. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో స్నేహితురాలు. ఊళ్లో ఎవరు రాత్రి పడుకోలేక కూర్చుని తెల్లవార్చుతారో, ఎవరి ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యే వెలుగుతోందో ఆమెకు తెలుసు.

జాతీయ అసాంక్రామిక వ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి గురించీ ఆశా కార్యకర్త నింపాల్సిన అంచనా పత్రం ఒకటి ఉంది. పొగాకు అలవాటు, నడుము కొలత మధుమేహం, గుండె జబ్బుల కోసం. దాని మరో భాగం ప్రత్యేకంగా సీఓపీడీ ముప్పు కోసమే: వంటకు ఏ ఇంధనం వాడతారు, పనిచేసే చోట పొగ, దుమ్ము ఉంటాయా. ఊపిరి ఆడకపోవడం ఉందా అన్న ప్రశ్న కూడా పత్రంలో ఉంది. 2023లో సవరించిన మార్గదర్శకాల్లో సీఓపీడీ, ఆస్తమాలను ఆ కార్యక్రమంలో అధికారికంగా చేర్చారు.

వయసు ఒక గీతగా, ఈ పత్రంలోని మూడు జవాబులు మరో గీతగా పెట్టుకుంటే అర్హుల జాబితా సిద్ధమవుతుంది. 60 దాటినవారందరూ మొదటి గీతతో వస్తారు. 45-59 మధ్య ఉండి, పొగలో వండుతూ లేదా దుమ్ములో పనిచేస్తూ, ఊపిరాడని బాధ చెప్పేవారు రెండో గీతతో వస్తారు. కొందరు సీఓపీడీ లేనివారు కూడా ఇందులో చేరతారు. దానివల్ల నష్టం ఒక టీకా డోసు. మొదటి గీతలు గీసినప్పుడు జరిగిన తప్పు ఇందుకు విరుద్ధం: ఒక్క అనర్హుడు చొరబడకుండా చూడటానికి అనేక మంది రోగులను బయట నిలబెట్టారు. అమెరికా 2021 సెప్టెంబరులో బూస్టర్లు ప్రారంభించినప్పుడు రోగి స్వయంగా చెప్పిన మాటనే రుజువుగా తీసుకుంది. స్మార్ట్‌ఫోన్‌ల దేశానికి పనికొచ్చిన ఆ నమ్మకం, ఇంటి మనిషిలా తెలిసిన మితానిన్ సాక్ష్యంగా ఉన్న పల్లెకు పనికిరాదనడానికి కారణం కనిపించదు.

ఖర్చు సంగతి తేలికైంది కాదు. పెద్దలకు ఫ్లూ టీకా అంటే ఏటా వేయాలి. కోట్ల డోసులు, శీతల గిడ్డంగుల అమరిక, ఇప్పటికే పని ఎక్కువైన మితానిన్‌ల మీద మరో బాధ్యత. అందుకే ఏ టీకా, ఎవరికి ముందు అన్న నిర్ణయం జాతీయ టీకా సలహా బృందం స్థాయిలో జరగాలి. దేశంలో ఫ్లూ రెండుసార్లు విజృంభిస్తుంది, జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వర్షాకాలం వెంట మరోసారి. ఛత్తీస్‌గఢ్ లాంటి రాష్ట్రంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాలన్నా వానలకు ముందే టీకా పల్లెకు చేరాలి. అంటే జాబితా అంతకు చాలా ముందే సిద్ధం కావాలి.

జాబితాకు కావాల్సిన సమాచారం మితానిన్ నింపే పత్రాల్లోనే ఉంది. ఇంధనం, వృత్తి, ఆయాసం గడుల్లో గుర్తులు పెట్టి ఆ పత్రాలు పైకి వెళ్తాయి. పెద్దలకు ఉచిత టీకా అన్నదే లేకపోవడంతో, ఆ పేర్లను టీకాతో కలపమన్న ఆదేశం మాత్రం ఆమె దగ్గరకు తిరిగి రావడం లేదు.